దవడ గీత ఎక్కడికి పోయింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ముఖం కింది భాగం గురించే. అందరూ కూడబలుక్కుని రాశారేమో అనిపించింది. నేను ముఖానికి ఆపరేషన్లు చేసే సర్జన్ని కాబట్టి ప్రతిదానికీ కత్తితోనే జవాబు చెబుతానని కొందరికి బెంగ ఉన్నట్టుంది. ఆ బెంగ అక్కర్లేదు. రాసినవారిలో ఎక్కువమందికి నేను చెప్పేది ప్రస్తుతానికి ఏమీ చేయించుకోవద్దనే.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 47 ఏళ్లు. చాలా ఏళ్లుగా నా బరువు కిలో రెండు కిలోలు అటూ ఇటూ తప్ప మారలేదు. అయినా గడ్డానికి రెండు పక్కలా చిన్న సంచుల్లా జారాయి. ఒకప్పుడు చెవి దగ్గర నుంచి గడ్డం దాకా ఒకే గీతలా ఉండే దవడ ఇప్పుడు మూడు ముక్కలైనట్టు కనిపిస్తోంది. ఫర్మింగ్ క్రీము అని రాసి ఉన్నది తెచ్చి డబ్బాలు ఖాళీ చేశాను. ఇసుమంత తేడా లేదు. కొవ్వు పెరగకుండా ఈ సంచులు ఎలా వచ్చాయి?

జవాబు: మూడు ముక్కలు అన్నారు చూడండి, మా పాఠ్యపుస్తకాల్లో రాసినదానికన్నా బాగుంది. ముందు గడ్డం, దాని పక్కన చిన్న పల్లం, ఆ పల్లం వెనక సంచి. ఈ మూడూ ఎందుకు విడిపోయాయో తెలిస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

అద్దం ముందు కూర్చుని పళ్లు గట్టిగా బిగించండి. దవడ మూల దగ్గర ఉబ్బి గట్టిగా తగిలేది నమిలే కండరం. దాని ముందు అంచు వెంటే వేలు కిందికి తెచ్చి, దవడ ఎముక అంచు మీద మెల్లగా ఆనించండి. నాడి కొట్టుకోవడం తెలుస్తుంది. ముఖానికి రక్తం తీసుకెళ్లే ధమని అక్కడే ఎముకని దాటి పైకి ఎక్కుతుంది. ఇప్పుడు పళ్లు వదులు చేసి, అక్కడి చర్మాన్ని వేలితో ముందుకీ వెనక్కీ కదపండి. హాయిగా జారుతుంది. అలా కదుపుతూనే గడ్డం వైపు రండి. పెదవి మూలకి కింద కాస్త అటూ ఇటూగా, దవడ అంచుకి సుమారు ఒక సెంటీమీటరు పైన, ఒకచోట చర్మం కదలనని మొరాయిస్తుంది. అక్కడ లోపల గట్టి పోగుల కట్ట ఒకటి ఉంది. ఎముక దగ్గర బయలుదేరి, మధ్యలో ఉన్న పొరలన్నీ దాటుకుని, చర్మం లోపలి వైపుకి అతుక్కుంటుంది. దాన్ని మేము మాండిబ్యులర్ లిగమెంట్ అంటాం.

చెంపలో ఇలాంటి కట్లు ఇంకా ఉన్నాయి. 1989లో డేవిడ్ ఫర్నస్ అనే సర్జన్ వీటిని వివరంగా రాశాడు. అన్నింటికీ ఒకే బలం ఉండదు. నమిలే కండరం ముందు అంచు వెంట ఉండేవి పలచనివి, ఏళ్లు గడిచేకొద్దీ సాగిపోతాయి. గడ్డం పక్కనున్నది మాత్రం అంత తేలిగ్గా పట్టు వదలదు. వెనక నుంచి జారుతూ వచ్చిన చెంప దాని దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ముందుకి దారి లేక దవడ అంచు మీదుగా కిందికి దిగుతుంది. అదే మీ సంచి. వదులైన చోటు ఎంత కారణమో, వదలని ఆ ఒక్క చోటూ అంతే కారణం.

ఇక కొవ్వు సంగతి. ముఖంలో కొవ్వంతా కలిసి ఒకే ముద్దగా ఉంటుందని అనుకునేవారు. 2007లో రోరిచ్, పెస్సా అనే ఇద్దరు సర్జన్లు మృతదేహాల ముఖాల్లోకి నీలిరంగు ఎక్కించి, అది ఎంతదూరం పాకుతుందో చూశారు. ఎక్కడపడితే అక్కడికి పాకలేదు. గోడలు కట్టినట్టు కొన్ని హద్దుల దగ్గర ఆగిపోయింది. అంటే కొవ్వు అరలు అరలుగా ఉంది. వయసు మీద పడుతుంటే అన్ని అరలూ ఒకేలా మారవు. కంటి కింద, చెంప లోతుల్లో ఉన్నవి చిక్కిపోతాయి. దవడ దగ్గర ఉన్నవి అలా చిక్కకుండా కిందికి దిగుతాయి. పైన తగ్గింది, కింద పోగైంది. బరువు చూసుకునే మిషన్‌కి ఈ గొడవేమీ పట్టదు, పాత అంకే చూపిస్తుంది.

అడుగునున్న ఎముకైనా నిలకడగా ఉందా అంటే అదీ లేదు. వేరువేరు వయసుల వాళ్ల ముఖాలకి సి.టి. స్కాన్ తీసి కొలిచిన అధ్యయనం ఒకటి 2011లో వచ్చింది. వయసుతోపాటు దవడ ఎముక పొడవూ ఎత్తూ తగ్గుతాయనీ, దవడ మూల దగ్గరి కోణం విప్పారుతుందనీ అందులో తేలింది. ఆడవాళ్లలోనూ అంతే, మగవాళ్లలోనూ అంతే. మీ గడ్డం పక్కన పల్లం పడటానికి అక్కడి ఎముక కొద్దికొద్దిగా తరిగిపోవడం ఒక కారణం.

చర్మం గురించి చివర్లో చెబుతున్నాను, ఎందుకంటే అందరూ మొదట దాన్నే అనుమానిస్తారు. దానికీ వాటా ఉంది. చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ మెనోపాజ్ తర్వాత మొదటి 5 ఏళ్లలో సుమారు 30 శాతం దాకా తగ్గుతుంది. ఆ తర్వాత ఏడాదికి 2 శాతం చొప్పున తరుగుతూ పోతుంది. మీరు ఇప్పుడు ఆ గుమ్మంలోనే ఉన్నారు.

ఒక షామియానాని తలుచుకోండి. రాటలు పొట్టివయ్యాయి, కట్టిన తాళ్లు వదులయ్యాయి, గుడ్డ సాగింది. అప్పుడు గుడ్డని ఇస్త్రీ చేస్తే షామియానా పైకి లేస్తుందా? మీ క్రీము చేసింది ఆ ఇస్త్రీయే. చర్మం పైపొరకి తేమ పట్టిస్తుంది, కాసేపు బిగువుగా అనిపిస్తుంది, అంతే. డబ్బా మీద ఫర్మింగ్ అని రాయడానికి ఆ కాసేపు చాలు మరి.

ఈ సమస్యతో వచ్చినవాళ్లని నేను మొదట పరీక్ష బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతికి అద్దం ఇస్తాను. మీరూ ఇంట్లో చేసి చూడండి. అద్దాన్ని ముఖానికి ఎదురుగా పైకెత్తి పట్టుకోండి. చెంపలు చెవుల వైపు జారిపోయి, దవడ గీత మళ్లీ కనబడుతుంది. పూర్తిగా కనబడితే మీ సమస్య వదులుదనం. పడుకున్నా ఆ చోట ముద్దలా మిగిలి ఉంటే అక్కడ కొవ్వు కూడా ఎక్కువగా ఉన్నట్టు. రెండింటికీ దారులు వేరు. ఈ తేడా చూడకుండానే ఎవరైనా చికిత్స మొదలుపెడతామంటే చేతిసంచీ తీసుకుని బయటికి వచ్చేయండి.

47 ఏళ్లకి నేనైతే మీకు చెప్పేవి కొన్నే. పగలు సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలో 55 ఏళ్లలోపు వాళ్ల మీద నాలుగున్నరేళ్లు చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో, రోజూ రాసుకున్నవారి చర్మం ముదరడం తమకి తోచినప్పుడు రాసుకున్నవారికన్నా 24 శాతం తక్కువగా కనిపించింది. రాత్రి ట్రెటినాయిన్ అనే విటమిన్ ఎ రకం క్రీము, అదీ చర్మవ్యాధుల డాక్టరు రాసిస్తేనే, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకి అసలు వద్దు. మొదటి కొన్ని వారాలు మంట పెడుతుంది, పొట్టు రేగుతుంది, నెలల తరబడి వాడితేగానీ ఫలితం ఉండదు. ఈ రెండూ గుడ్డని కాపాడతాయి. జారినదాన్ని మాత్రం పైకెత్తవు. ఎత్తుతాయని చెప్పి మిమ్మల్ని ఇంకో డబ్బా కొనిపించలేను.

ప్రశ్న: నేను 20 ఏళ్లకు పైగా వ్యాను నడుపుతున్నాను. కిటికీ వైపున్న చెంప రెండోదానికన్నా ముడతలు పడి, ఎక్కువ జారింది. ఎండ వల్లే అంటున్నారు. అద్దం ఎప్పుడూ ఎత్తే ఉంచుతాను కదా?

జవాబు: అద్దం ఎత్తి ఉంచితే వేడి తగ్గుతుంది, చర్మం కమలదు. చర్మాన్ని కమిలించే యువిబి కిరణాలని గాజు ఆపేస్తుంది. లోతుకి దిగి కొలాజెన్ని దెబ్బతీసే యువిఎ కిరణాలు మాత్రం మామూలు గాజులోంచి వచ్చేస్తాయి. ముందు అద్దంలో గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది వాటిని చాలావరకు అడ్డుకుంటుంది. పక్క అద్దాల్లో సాధారణంగా ఆ పొర ఉండదు.

మీలాంటి ఒకాయన ఫోటో 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 69 ఏళ్ల మనిషి, 28 ఏళ్లు సరుకుల ట్రక్కు నడిపాడు. ఒక ముఖంలో ఇద్దరు అన్నదమ్ములున్నట్టు ఉంటుంది. కిటికీ వైపు చర్మం మందంగా, గాళ్లు పడి, వేలాడుతూ. రెండోవైపు పదేళ్లు చిన్నవాడిలా. మెడికల్ విద్యార్థులకి ఎండ గురించి ఎంత పాఠం చెప్పినా ఎక్కదు, ఆ ఫోటో చూపిస్తే ఇక చెప్పాల్సింది ఉండదు.

యువిఎ నుంచి కూడా కాపాడుతుందని రాసి ఉన్న సన్‌స్క్రీన్ కొనండి. బండెక్కే ముందు ముఖానికీ, మెడకీ, చెవికీ రాయండి, డ్యూటీ మధ్యలో ఇంకోసారి. మగవాళ్లు బొట్టు పెట్టుకున్నంత రాసి ఊరుకుంటారు. రెండు వేళ్ల పొడవునా పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది.

ఒక మాట. తేడా ఏళ్ల తరబడి మెల్లగా వచ్చింది కాబట్టి ఇదంతా రాశాను. ఎవరికైనా సరే, ఒక పక్క మూతి ఉన్నట్టుండి జారితే, నవ్వితే ఒకవైపే నోరు కదిలితే, మాట తడబడితే, చెయ్యి బరువెక్కితే అది అందం సమస్య కాదు. పక్షవాతం కావచ్చు. పొద్దున దాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ప్రశ్న: ముఖానికి వ్యాయామాలు చేస్తే దవడ బిగుస్తుందని వీడియోల్లో చూపిస్తున్నారు. రాతి రోలర్ కూడా కొన్నాను. పనిచేస్తాయా?

జవాబు: వ్యాయామాల మీద ఒక చిన్న పరిశోధన ఉంది, 2018లో వచ్చింది. 40 నుంచి 65 ఏళ్ల మధ్య 27 మంది ఆడవాళ్లతో మొదలుపెట్టారు. మొదటి 8 వారాలు రోజూ అరగంట, తర్వాత రోజు విడిచి రోజు, మొత్తం 20 వారాలు. చివరిదాకా చేసినవాళ్లు 16 మంది. మిగతావాళ్లు ఎందుకు మానేశారో నాకు అర్థమవుతుంది, రోజూ అరగంట అద్దం ముందు మూతి తిప్పుకోవడం అంత తేలికేం కాదు. ఫోటోలు చూసి వయసు అంచనా కట్టిన డాక్టర్లు సగటున 50.8 నుంచి 48.1కి దించారు. బాగుపడినవి చెంపల నిండుదనం, పై చెంపా కింది చెంపా. దవడ గీత కాదు. వ్యాయామం చేయనివాళ్లని పక్కన పెట్టి పోల్చలేదు కూడా.

కండరం పెరిగితే దాని మీదున్న చెంప కాస్త నిండుతుంది, అది నిజమే కావచ్చు. సాగిన కట్లు మాత్రం వ్యాయామంతో బిగుసుకోవు, అవి కండరాలు కావు. ఇంకో సంగతి, మెడ నరాలు తేలేలా దవడని కిందికి లాగే భంగిమలు కొన్ని చూపిస్తున్నారు. మెడ మీద పలచగా పరుచుకున్న ప్లాటిస్మా కండరం ముఖాన్ని కిందికి లాగే రకం. దాన్ని బలపరిచి మనకి ఒరిగేదేమిటి?

రోలర్ హాయిగా ఉంటుంది. పొద్దున లేచినప్పుడున్న ఉబ్బు కాస్త తగ్గుతుంది. రోలర్ తిప్పకపోయినా లేచి తిరుగుతుంటే అది తగ్గేదే. కొన్నారు కాబట్టి వాడుకోండి.

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. సెల్ఫీల్లో నా దవడ అప్పుడే జారినట్టు కనిపిస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ముందుజాగ్రత్తగా ఫిల్లర్, అంటే చర్మం కింద నింపే జెల్ ఇంజెక్షన్, వేయించుకోమంటున్నారు.

జవాబు: వద్దు. ఫోన్‌ని అడుగు దూరంలో పట్టుకుని తీసిన ఫోటోలో ముక్కు ఉన్నదానికన్నా సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని లెక్కగట్టారు. తల వంచి, ఫోన్ కిందనుంచి పట్టుకుంటే ఎవరికైనా రెండో గడ్డం వస్తుంది, నాకూ వస్తుంది. ఎవరిచేతనైనా అయిదడుగుల దూరం నుంచి, కళ్ల ఎత్తులో ఫోటో తీయించుకుని చూడండి. అప్పుడూ దవడ మెత్తగానే ఉంటే అది మీ ఎముక తీరు. గడ్డం చిన్నగా ఉండే ముఖాలు అలాగే ఉంటాయి. అది మీకు పుట్టుకతో వచ్చింది, వయసుకి దానితో సంబంధం లేదు. ముందుజాగ్రత్త ఫిల్లర్ అనేది వైద్యంలో లేదు, వ్యాపారంలో ఉంది.

ప్రశ్న: నాకు 52. ఒక క్లినిక్‌లో దవడ కోసం ఒక ప్యాకేజీ చెప్పారు. అందులో హైఫు, థ్రెడ్లు, ఫిల్లర్, దవడ సన్నబడటానికి బొటాక్స్, కొవ్వు కరిగే ఇంజెక్షన్ అన్నీ ఉన్నాయి. ఈ వారంలోనే డబ్బు కడితే తగ్గింపు ఉందట. వెళ్లనా?

జవాబు: తగ్గింపు గడువు చూసి ముఖం అప్పగించకండి. అందులో రాసిన వాటిలో ఒకటి రెండు మీకు పనికి రావచ్చు, ఒకటి మీ సమస్యని పెంచవచ్చు కూడా. ఆ పెంచేదానితోనే మొదలుపెడతాను.

బొటాక్స్ కండరాన్ని బలహీనపరిచే మందు. దవడ సన్నబడటానికి దాన్ని వేసేది నమిలే కండరంలో. రాత్రిళ్లు పళ్లు కొరికేవాళ్లలో అది బాగా బలిసి ముఖం నలుచదరంగా కనిపిస్తుంది, వాళ్లకి బాగానే పనిచేస్తుంది. మీకు ఇప్పటికే చెంప జారింది. కింద దన్నుగా ఉన్న కండరం కూడా చిక్కిపోతే పైనున్న చర్మం ఇంకా వదులై, సంచి పెరుగుతుంది. సన్నటి ముఖం కోసం వేయించుకుని, జారిన దవడతో నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. మెడ మీద తాళ్లలా లేచే ప్లాటిస్మా పట్టీలకి వేసే బొటాక్స్ వేరు. దానికి అమెరికాలో 2024లో అనుమతి వచ్చింది. దవడ మొదటిసారి కాస్త మసకబారినవాళ్లకి దానివల్ల కొంచెం లాభం, మూడు నాలుగు నెలలపాటు.

కొవ్వు కరిగే ఇంజెక్షన్ అంటే డీఆక్సీకోలిక్ ఆమ్లం. 2015లో అమెరికా దీన్ని గడ్డం కింది కొవ్వుకి అనుమతించింది, దవడ పక్క సంచులకి కాదు. కింది పెదవి మూలని కిందికి లాగే కండరానికి వెళ్లే నరం సరిగ్గా ఆ దవడ అంచు వెంటే పోతుంది. మందు దానికి తగిలితే నవ్వు వంకరపోతుంది. సాధారణంగా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది గానీ, ఆ వారాలు మీవి. పైగా మీ సమస్య వదులుదనమైతే కొవ్వు తీసేశాక ఖాళీ సంచి మిగులుతుంది.

హైఫు అంటే చర్మం కోయకుండా, 1.5 నుంచి 4.5 మిల్లీమీటర్ల లోతులో అల్ట్రాసౌండ్ కిరణాలని ఒకచోట కలిసేలా పంపి, చిన్న చిన్న బిందువుల్లో 60 నుంచి 70 డిగ్రీల వేడి పుట్టించడం. కొలాజెన్ ముడుచుకుంటుంది, తర్వాత రెండు మూడు నెలల్లో కొత్తది వస్తుంది. జారుడు కొద్దిగా ఉన్నవాళ్లకి కొద్దిగా లాభం. నొప్పి ఉంటుంది, లేదని చెప్పేవాళ్లని నమ్మకండి. సన్నటి ముఖం మీద తప్పు లోతులో వాడితే ఉన్న కాస్త కొవ్వూ పోయి చెంప గుంటపడుతుంది.

థ్రెడ్ల గురించి నాది ఒక పక్షం వాదనే అనుకోండి, నేను అవి వేయను. చర్మం కింద దూర్చి చెంపని పైకి లాగే దారాలివి. వాటిలో పీడీఓ అనే రకం సుమారు ఆరు నెలల్లో కరిగిపోతుంది. మొదటి వారం ఫోటోలు అద్భుతంగా ఉంటాయి. ఏడాది తిరిగేసరికి చాలామందిలో ముఖం మొదటికే వస్తుంది. మధ్యలో చర్మం లోపలికి లాగినట్టు సొట్టలు పడటం, దారం కొస పైకి తేలడం, చీము పట్టడం ఉండనే ఉన్నాయి. ఇష్టపడి వేసే మంచి డాక్టర్లు ఉన్నారు, వాళ్లు కారణాలు చెబుతారు, వినండి.

ఫిల్లర్ మాత్రం సరైన చేతుల్లో, సరైన చోట, కొంచెంగా పడితే బాగుంటుంది. సంచిలో వేయరు. సంచికి ముందున్న పల్లంలో, గడ్డం దగ్గర వేస్తారు. గీత విరిగిన చోట పూడుస్తారన్నమాట. హయలురోనిక్ ఆమ్లం ఫిల్లర్ అయితే నచ్చకపోతే హయలురోనిడేజ్ ఇంజెక్షన్‌తో కరిగించవచ్చు. మొదటి జవాబులో వేలితో నాడి పట్టుకోమన్నాను కదా, ఆ ధమనిలోకి ఫిల్లర్ పోతే దాని దారిలోని చర్మం చచ్చిపోవచ్చు. ఇంజెక్షన్ తర్వాత చర్మం తెల్లబోయినా, నీలంగా మచ్చలు తేలినా, నొప్పి భరించలేనంత ఉన్నా, చూపులో తేడా వచ్చినా నిమిషాల మీద తిరిగి వెళ్లాలి. అందుకే వెళ్లిన చోట అడగాల్సిన మొదటి ప్రశ్న, కరిగించే ఆ మందు ఇప్పుడు మీ దగ్గర ఉందా, ఉంటే చూపిస్తారా అని. తెల్లమొహం వేస్తే ఇంటికి వచ్చేయండి.

ప్రశ్న: మా అమ్మగారికి 68. పళ్లు చాలావరకు పోయాయి, కట్టుడు పళ్లు పెట్టించి చాలాకాలమైంది. ఈమధ్య ముఖం కింద నుంచి పొట్టిగా అయిపోయినట్టు, నోటి మూలలు కిందికి వంగినట్టు ఉన్నాయి. ఆవిడ బయటికి అనరు గానీ ఫోటో తీస్తుంటే మాత్రం తప్పుకుంటున్నారు. మీరు చూస్తారా?

జవాబు: చూస్తాను గానీ, నాకన్నా ముందు పళ్ల డాక్టరుకి చూపించండి. ముఖం కింది మూడో వంతుని నిలబెట్టేది పళ్లూ, వాటిని పట్టుకున్న ఎముకా. పన్ను పోయాక ఆ ఎముకకి పని ఉండదు, కరగడం మొదలవుతుంది. మొదటి ఏడాదిలో ఎక్కువగా, తర్వాత నెమ్మదిగా, కానీ ఆగకుండా. పై దవడకన్నా కింది దవడలో ఈ నష్టం ఎక్కువ. ఎప్పుడో చేయించిన సెట్టు ఇప్పటి చిగురు మీద సరిగా కూర్చోదు, దాని పళ్లూ అరిగిపోయి ఉంటాయి. నోరు మూసినప్పుడు గడ్డం ముక్కుకి మరీ దగ్గరగా వస్తుంది. మధ్యలో ఉన్న చెంపకి చోటు తగ్గి పక్కలకి పొర్లుతుంది. దవడ సంచి లేనివాళ్లకి కూడా ఉన్నట్టు కనబడుతుంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. అమ్మగారిని పళ్లు ఆనించి పెదవులు మూసుకోమని పక్కనుంచి చూడండి. తర్వాత దవడ వదులు చేసి, పెదవులు మాత్రం తాకేలా ఉండమనండి. రెండోసారి ముఖం బాగా పొడుగై, నోటి మూలలు తేరుకుంటే ఎత్తు తగ్గింది సెట్టులోనే. నోటి మూలల్లో చర్మం చిట్లి ఎర్రగా, తడిగా ఉంటోందా అన్నది కూడా చూడండి. మూలలు ముడుచుకుపోయి లాలాజలం నిలిస్తే అలా అవుతుంది. సరైన ఎత్తుతో కొత్త సెట్టు వేస్తే, లేదా ఎముక చాలినంత ఉంటే ఇంప్లాంట్ల మీద నిలబెడితే, ముఖంలో వచ్చే తేడా నా ఫిల్లర్లు దేనితోనూ రాదు. నమలడం కూడా బాగుపడుతుంది, ఆవిడకి ఫోటోకన్నా అదే ముఖ్యం కావచ్చు, అడిగి చూడండి.

ప్రశ్న: వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లతో ఏడాదిలోపే 18 కిలోలు తగ్గాను. షుగరు అదుపులోకి వచ్చింది. కానీ ముఖం పదేళ్లు పెద్దదైంది, దవడ దగ్గర చర్మం వేలాడుతోంది. మందు ఆపేయనా?

జవాబు: ముఖం కోసం మీ అంతట మీరు ఆపకండి. షుగరు అదుపులోకి రావడం చిన్న విషయం కాదు. మందు ముఖాన్ని ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. ఒంట్లో కొవ్వు తగ్గితే ముఖంలో కొవ్వూ తగ్గుతుంది, వేగంగా తగ్గితే చర్మం ఆ వేగాన్ని అందుకోలేదు. నలభై దాటినవాళ్లలో ఇది ఎక్కువగా తెలుస్తుంది. ఇంకా తగ్గాల్సింది ఉంటే, తగ్గే వేగం గురించి మందు రాసిన డాక్టరుతో మాట్లాడండి. బరువు ఒకచోట నిలిచి ఆరు నెలలైనా గడిచేదాకా ముఖానికి ఏ పనీ పెట్టుకోకండి. కదులుతున్న కొలతకి జాకెట్టు కుట్టించరు కదా.

ప్రశ్న: మగవాళ్లకి ఇవన్నీ ఆలస్యంగా వస్తాయంటారు. నిజమేనా?

జవాబు: మగవాళ్ల చర్మం కాస్త మందం. మెనోపాజ్ లాంటి ఒక్కసారి పడిపోవడం ఉండదు, కొలాజెన్ మెల్లగా తగ్గుతూ వస్తుంది. ఎముక అరగడం, కట్లు సాగడం మామూలే. సిగరెట్ తాగితే ఈ లాభమంతా పోతుంది. గడ్డం పెంచుకునే సౌకర్యం మాత్రం మీకే ఉంది, దవడ అంచు వెంట చక్కగా కత్తిరిస్తే నా చికిత్సల్లో సగంకన్నా మేలు.

ప్రశ్న: నాకు 63. పొగ అలవాటు లేదు, బీపీకి మాత్ర వేసుకుంటాను. ఫేస్‌లిఫ్ట్ చేయించుకోవాలని మనసులో ఉంది. పిల్లలు నవ్వుతున్నారు. ఈ వయసులో అవసరమా అంటున్నారు. అసలు అందులో ఏం చేస్తారు?

జవాబు: అవసరం లేదు, నిజమే. జుట్టుకి రంగు వేసుకోవడమూ అవసరం కాదు, మీ పిల్లలు దానికి నవ్వరు. నిర్ణయం మీది. నేను లాభనష్టాలు చెబుతాను.

పాతకాలం ఆపరేషన్‌లో చర్మాన్ని మాత్రమే వెనక్కి లాగి, మిగిలింది కోసి కుట్టేవారు. చర్మం సాగే గుణం ఉన్నది కాబట్టి మళ్లీ సాగేది. ముఖం గాలికి ఎదురు నిలబడినట్టు ఉండేది. 1976లో మిట్జ్, పెయ్‌రోనీ అనే ఫ్రెంచి సర్జన్లు చర్మం కింద, కండరాలతో కలిసి ఉండే ఒక గట్టి పొరని వివరించారు. స్మాస్ అంటాం. ఇప్పుడు బరువంతా ఆ పొర మీద వేస్తాం. కొన్ని పద్ధతుల్లో దాని కిందికి వెళ్లి, ఇందాక చెప్పిన కట్లని విడదీసి, చెంపని మొత్తంగా పైకి జరిపి కుడతాం. చర్మాన్ని ఊరికే పరుస్తాం, లాగం. గడ్డం పక్కన మొరాయించే ఆ లిగమెంట్ని విడిపించిన క్షణంలో దవడ గీత ఒక్కసారి సాఫీగా పరుచుకుంటుంది. ఇన్నేళ్లుగా చేస్తున్నా అది చూడటం నాకు ఇప్పటికీ ఇష్టమే.

నష్టాలు కూడా రాస్తాను. మొదటి 24 గంటల్లో లోపల రక్తం గడ్డకట్టి ఉబ్బడం అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఇబ్బంది, బీపీ పెరిగితే ఆ ప్రమాదం పెరుగుతుంది, కాబట్టి మీ మాత్ర విషయం ముఖ్యం. చెవి తమ్మె కొన్ని నెలలు మొద్దుబారవచ్చు. పెదవి కదిపే నరం దెబ్బతినే అవకాశం తక్కువే గానీ లేకపోలేదు. చెవి చుట్టూ మచ్చ ఉంటుంది, జుట్టులో, మడతల్లో దాగుతుంది. నలుగురిలోకి రావడానికి రెండు మూడు వారాలు. ఫలితం సుమారు పదేళ్లు నిలుస్తుంది, వయసు మాత్రం మర్నాటి నుంచే మళ్లీ మొదలవుతుంది.

వెళ్లినప్పుడు ముప్పై ఏళ్ల కిందటి మీ ఫోటో ఒకటి పట్టుకెళ్లండి, సినిమా తారది కాదు. గుండెకి గానీ మరోదానికి గానీ రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే చెప్పండి, వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. బీపీ అదుపులో ఉందని మీ డాక్టరు కాగితం మీద రాసిచ్చాకే తేదీ అడగండి. పొగ తాగేవాళ్లనైతే కనీసం నెల ముందు మానిపించి గానీ బల్ల ఎక్కించను, చర్మానికి రక్తం అందక కుట్ల దగ్గర నల్లబడుతుంది. మీకు ఆ అలవాటు లేదు కాబట్టి నాకు ఒక పేచీ తప్పింది.